మంచం పట్టిన రోజున ఆ నలుగురు

(ఆసుపత్రి ప్రార్థనా మందిరంలో రోగులు, వారి బంధువులు, సంఘ పెద్దలు పాల్గొన్న ఆరోగ్య అవగాహన కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఉదయం మన ధ్యానాంశం "క్రైస్తవ జీవితంలో సహవాసం". ఆరోగ్య అవగాహన కూడికలో రక్తపోటు గురించో, చక్కెర వ్యాధి గురించో చెప్పాలి గాని సహవాసం గురించి ఎందుకు అని మీలో కొందరికి అనిపించవచ్చు. ఈ వార్డుల్లో ఒక్క గంట కూర్చుంటే ఎందుకో అర్థమవుతుంది. ఒకే జబ్బు, ఒకే మందు, పక్కపక్క మంచాలు. ఒకరికి క్యారేజీ తెచ్చేవారుంటారు. మందుల చీటీ పట్టుకొని లైనులో నిలబడేవారుంటారు. పక్క మంచం మీదున్న మనిషి టీ కావాలన్నా ఆయమ్మను బతిమాలుకోవాలి. ఇద్దరికీ అందే వైద్యం ఒకటే. కాని ఇంటికి వెళ్ళాక మూడో నెలలో మళ్ళీ పరీక్షకు ఎవరు వస్తారు, ఎవరు రారు అన్నది చాలాసార్లు ఆ మంచం పక్కన ఎవరున్నారు అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

మన మాటల్లో "నలుగురు"

మన తెలుగువారు "నలుగురు" అనే మాటను రెండు రకాలుగా వాడతారు. "పోయేనాడు మోయడానికి నలుగురుండాలి" అంటాం. "నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారు?" అని కూడా అంటాం. మొదటి నలుగురు పాడె మోసేవారు. రెండో నలుగురు మాట అనేవారు. పాడె మోసే నలుగురు వచ్చేసరికి మనిషి ఉండడు. మాట అనే నలుగురికి భయపడి బతికున్న మనిషి తన జబ్బును దాచుకుంటాడు.

రొమ్ములో గడ్డ చేతికి తగిలినా ఒక తల్లి నెలల తరబడి ఎవరికీ చెప్పదు. కూతురికి క్షయ అని తెలిస్తే సంబంధాలు రావని ఒక తండ్రి మందులు రహస్యంగా తెచ్చి, దగ్గు తగ్గగానే మాన్పించేస్తాడు. రాత్రిళ్ళు నిద్ర పట్టక, బతకాలనే ఆశ సన్నగిల్లిన యువకుడు "పిచ్చి అంటారేమో" అని నోరు విప్పడు. వీరందరూ ఆదివారం గుడికి వస్తూనే ఉంటారు. మన పక్కనే కూర్చుంటారు. పాట పాడతారు. ఆరాధన అయ్యాక చేతులు జోడించి వెళ్ళిపోతారు. కొన్నాళ్ళకు రావడం మానేస్తారు. మనం "ఈ మధ్య విశ్వాసంలో చల్లారిపోయారు" అనుకుంటాం.

బైబిలులో మూడో రకం నలుగురున్నారు. వారిని గురించే ఈ రోజు కొంచెం ఆలోచిద్దాం.

కపెర్నహూములో నలుగురు, బేతెస్దలో ఒక్కడు

మార్కు సువార్త 2వ అధ్యాయంలోని సంగతి మీకు తెలిసిందే. కపెర్నహూములో ఒక ఇంట్లో ప్రభువు బోధిస్తున్నారు. వాకిట కూడా చోటు లేనంత జనం. పక్షవాయువు గల ఒక మనిషిని నలుగురు పరుపు మీద మోసుకొచ్చారు. దారి దొరకలేదు. "మన ప్రయత్నం మనం చేశాం, ఇక దేవుని చిత్తం" అని వారు తిరిగి వెళ్ళవచ్చు. వెళ్ళలేదు. ఇంటి పైకెక్కి, కప్పు విప్పి, ఆ పరుపును ప్రభువు ముందు దింపారు. ప్రభువు చూసింది ఆ పడుకున్నవాని విశ్వాసం ఒక్కటే అని వాక్యం చెప్పలేదు. "వారి" విశ్వాసం అని చెప్పింది. ఆ మాటలో మోసినవారు కూడా ఉన్నారు.

ఆ నలుగురి పేర్లు మనకు తెలియవు. వారు వైద్యులు కారు, బోధకులు కారు. రోగిని బాగు చేసే శక్తి వారిలో లేదు. బాగు చేయగలవాని దగ్గరకు చేర్చారు, అంతే. ఎవరూ ఒంటరిగా ఆ పని చేయలేరు కూడా. ముగ్గురు పట్టుకొని ఒకరు వదిలేస్తే పరుపు ఒరిగిపోతుంది.

ఇప్పుడు యోహాను సువార్త 5వ అధ్యాయం చూడండి. యెరూషలేములో బేతెస్ద అనే కోనేరు. అక్కడ 38 ఏళ్ళుగా జబ్బుతో ఉన్న మనిషి. స్వస్థత కావాలా అని ప్రభువు అడిగితే అతడు తన జబ్బు గురించి చెప్పలేదు. నీళ్ళు కదిలినప్పుడు నన్ను దించేవారు ఎవరూ లేరు అనే అర్థం వచ్చేలా జవాబిచ్చాడు. కోనేటి చుట్టూ గుంపు ఉంది. తోడు మాత్రం లేదు. జనం మధ్యలో 38 ఏళ్ళు ఒంటరిగా ఉండటం ఎలా ఉంటుందో ఆలోచించండి.

నిండిన గుడి కూడా కొందరికి బేతెస్ద కోనేరులాగే ఉండవచ్చు. మనం జాగ్రత్త పడవలసింది అక్కడే.

సహవాసం అంటే పాలు పంచుకోవడం

క్రొత్త నిబంధనలో సహవాసానికి వాడిన గ్రీకు మాట "కొయినోనియా". ఉమ్మడిగా కలిగి ఉండటం, పాలు పంచుకోవడం అని దాని భావం. లూకా సువార్త 5వ అధ్యాయంలో యాకోబు, యోహానులు సీమోనుకు చేపల వేటలో పాలివారు అని చెప్పిన చోట ఇదే కుటుంబానికి చెందిన మాట ఉంది. వల బరువెక్కి చినిగిపోతుంటే పక్క దోనెలోని పాలివారిని సైగ చేసి పిలిచారు. వారు వచ్చి రెండు దోనెలూ నింపారు. రోమీయులకు వ్రాసిన పత్రిక 15వ అధ్యాయంలో యెరూషలేములోని బీదల కోసం పోగుచేసిన డబ్బుకు కూడా పౌలు ఈ మాటే వాడాడు.

అంటే సహవాసంలో చేయి ఉంది, భుజం ఉంది, జేబు కూడా ఉంది. అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయంలో తొలి సంఘం విడువకుండా చేసిన నాలుగు పనుల్లో సహవాసం ఒకటి. బోధ, రొట్టె విరుచుట, ప్రార్థన మిగతా మూడు. మూడింటినీ ఆదివారం చేసి నాలుగోదాన్ని "సమయం ఉంటే చూద్దాం" అనడానికి లేదు.

మన ముందు నడిచినవారు

మూడో శతాబ్దం మధ్యకాలంలో ఐగుప్తులోని అలెగ్జాండ్రియా పట్టణంలో భయంకరమైన తెగులు వచ్చింది. అక్కడి బిషప్పు దియొనీసియస్ వ్రాసిన ఉత్తరంలోని భాగాన్ని చరిత్రకారుడైన యూసేబియస్ భద్రపరిచాడు. ప్రాణభయంతో జనం రోగులను విడిచి పారిపోతుంటే అనేకమంది విశ్వాసులు రోగుల దగ్గరే ఉండి సేవ చేశారని, వారిలో పెద్దలు, పరిచారకులు కూడా ఆ జబ్బు అంటుకొని మరణించారని ఆయన వ్రాశాడు. ఆ కాలంలో వారి దగ్గర మందు లేదు. నీళ్ళు పట్టడం, అన్నం పెట్టడం, పక్కన కూర్చోవడం మాత్రమే ఉన్నాయి.

1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్ పట్టణంలో జాన్ వెస్లీ అనుచరులకు ఒక చిక్కు వచ్చింది. కూడికల మందిరం మీద అప్పు ఉంది. దానిని తీర్చడానికి సభ్యులను సుమారు 12 మంది చొప్పున జట్లుగా చేశారు. ఒక్కొక్కరూ వారానికి ఒక పెన్నీ ఇవ్వాలి. జట్టు నాయకుడు ఇల్లిల్లూ తిరిగి వసూలు చేయాలి. తిరగడం మొదలుపెట్టాక ఎవరింట్లో ఏ కష్టం ఉందో, ఎవరు దారి తప్పుతున్నారో తెలిసింది. చందా కోసం మొదలైన ఏర్పాటు ఆత్మల సంరక్షణకు సాధనమైంది. మెథడిస్టు సంఘాల్లో క్లాసు మీటింగు అలా వచ్చింది. గడప దాటి లోపలికి వెళ్తేనే మనిషి సంగతి తెలుస్తుంది అనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

మన ప్రాంతానికి వద్దాం. 1910లో స్కాట్లండులోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అప్పటికి దోర్నకల్లులో సువార్త పని చేస్తున్న వి.ఎస్. అజరయ్య గారు అక్కడ మాట్లాడారు. తెల్ల దొరలు నిండిన సభలో ఆయన ధైర్యంగా ఒక మాట అడిగారు. మీరు మా కోసం ఆస్తులు ఇచ్చారు, శరీరాలను కూడా అర్పించారు, ఇక మాకు స్నేహితులు కావాలి అన్నది ఆ మాట సారాంశం. 1912లో ఆయన దోర్నకల్ బిషప్పుగా, ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడైన మొదటి బిషప్పుగా అభిషేకం పొందారు. ఆయన అడిగినది ఈనాటికీ మన ముందే ఉంది. రోగికి మనం పండ్లు ఇస్తాం, కవరులో డబ్బు పెట్టి ఇస్తాం. స్నేహితులుగా ఉంటున్నామా? కులం చూడకుండా, కలిగినవాడా లేనివాడా అని చూడకుండా వెళ్తున్నామా? వార్డులో మంచాలు కులాన్ని బట్టి వేయరు. ప్రభువు బల్ల కూడా అంతే.

వైద్యశాస్త్రం చెబుతున్నది

2010లో అమెరికా పరిశోధకులు 148 అధ్యయనాలను కలిపి పరిశీలించారు. 3 లక్షల మందికి పైగా మనుషుల వివరాలు వాటిలో ఉన్నాయి. గట్టి మానవ సంబంధాలు ఉన్నవారు, అవి బలహీనంగా ఉన్నవారికంటే ఆ అధ్యయన కాలంలో బతికి ఉండే అవకాశం సుమారు 50 శాతం ఎక్కువగా కనిపించింది. 2025 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక నివేదిక విడుదల చేసింది. లోకంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని, ఏటా 8 లక్షల 71 వేలకు పైగా మరణాలకు ఒంటరితనంతో సంబంధం ఉందని అంచనా వేసింది. గుండెజబ్బు, పక్షవాతం, చక్కెర వ్యాధి, మానసిక కుంగుబాటు ఒంటరివారిలో ఎక్కువని కూడా చెప్పింది.

దీనిని తప్పుగా అర్థం చేసుకోవద్దు. సహవాసం మందుకు బదులు కాదు. మందు క్రమంగా లోపలికి వెళ్ళేలా చేసేది, పరీక్షకు వేళకు తీసుకొచ్చేది, తినాలనే కోరిక పుట్టించేది సహవాసం. క్షయ రోగాన్నే తీసుకోండి. మామూలు క్షయకు సాధారణంగా ఆరు నెలలు మందులు వాడాలి. ఒకటి రెండు నెలల్లో దగ్గు, జ్వరం తగ్గి ఒంట్లో బాగున్నట్టు ఉంటుంది. అప్పుడే చాలామంది మానేస్తారు. మానేస్తే జబ్బు తిరగబెట్టవచ్చు, మందులకు లొంగని క్షయగా మారవచ్చు. అందుకే మన దేశంలో 1997 నుంచి అమలైన డాట్స్ పద్ధతిలో రోగి మాత్ర మింగడాన్ని మరొకరు దగ్గరుండి చూసే ఏర్పాటు చేశారు. ఒక మనిషి పక్కన ఉండటమే ఆ చికిత్సలో భాగమయింది.

నలుగురికి నాలుగు పనులు

మీ సంఘంలో ఎవరైనా మంచం పడితే ఊరంతా ఒకేరోజు వెళ్ళి చూసి రావడం కంటే నలుగురు మనుషులు పని పంచుకోవడం మేలు.

మొదటివారు ఆసుపత్రికి తోడు వెళ్ళేవారు. డాక్టరు గారు చెప్పినదాంట్లో సగం రోగికి కంగారులో వినపడదు. తోడు వెళ్ళినవారు విని, ఒక కాగితం మీద వ్రాసుకోవాలి. ఏ మాత్ర ఎప్పుడు, తినకముందా తిన్న తర్వాతా, మళ్ళీ ఎప్పుడు రావాలి, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే రావాలి అని అడగాలి. పాత చీటీలు, రిపోర్టులు ఒక సంచిలో పెట్టి ప్రతిసారీ తీసుకురావాలి.

రెండోవారు మందు, భోజనం చూసేవారు. రోజూ ఒక్క ఫోను చాలు. "వదినా, మాత్ర వేసుకున్నావా?" అని అడిగితే ఆమెకు విసుగు రాదు, ధైర్యం వస్తుంది. క్షయ రోగులకు ప్రభుత్వం పోషణ కోసం 2018 నుంచి డబ్బు ఇస్తోంది. నెలకు 500 రూపాయలున్న ఆ మొత్తాన్ని 2024 నవంబరు నుంచి 1000 రూపాయలు చేశారు. అది రోగి ఖాతాలో పడుతోందో లేదో కనుక్కోండి. 2022లో మొదలైన నిక్షయ్ మిత్ర పథకం కింద వ్యక్తులు, సంస్థలు రోగులకు పోషకాహారం అందించవచ్చు. ఒక సంఘం ఒక్క రోగిని చూసుకున్నా చిన్న పని కాదు.

మూడోవారు ఇంట్లో సేవ చేసేవారికి విశ్రాంతి ఇచ్చేవారు. పక్షవాతం వచ్చిన భర్తను రెండేళ్ళుగా తిప్పి పడుకోబెడుతున్న భార్య నడుము గురించి ఎవరూ అడగరు. ఫిలిప్పీ సంఘం పౌలు సేవ కోసం ఎపఫ్రొదితును పంపింది. సేవ చేయవచ్చిన అతడే చావుకు దగ్గరయ్యేంత జబ్బు పడ్డాడు. వారానికి ఒక మధ్యాహ్నం మీరు ఆ మంచం దగ్గర కూర్చొని, "అక్కా, నువ్వు కాసేపు పడుకో" అనండి. ఆ మూడు గంటలు ఆమెకు పెద్ద కానుక.

నాలుగోవారు కూర్చొని వినేవారు. యోబు స్నేహితులు ముగ్గురూ ఏడు రోజులు నేల మీద కూర్చొని ఏమీ మాట్లాడలేదు. వారు చేసిన మంచి పని అదే. నోరు విప్పాకే చిక్కు వచ్చింది. రోగి ఏడిస్తే ఏడవనివ్వండి. తర్వాత చిన్న ప్రార్థన చేయండి. "బతకాలని లేదు" అనే మాట ఎవరి నోటినుంచి వచ్చినా తేలిగ్గా తీసుకోవద్దు. వారిని ఒంటరిగా వదలకుండా డాక్టరు దగ్గరకు తీసుకురండి. టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు.

మంచి మనసుతో చేసే పొరపాట్లు

"విశ్వాసముంటే మందులెందుకు?" అని రోగితో ఎన్నడూ అనవద్దు. పౌలు తన సహచరుడైన లూకాను ప్రియుడైన వైద్యుడు అన్నాడు. మంచి సమరయుడు గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు, సత్రం ఖర్చు కూడా ఇచ్చాడు. మాటలు విని ఇన్సులిన్ ఆపినవారు, మూర్ఛ మాత్రలు ఆపినవారు ప్రాణాపాయంలో పడతారు. ప్రార్థన చేద్దాం, మందూ వేసుకుందాం.

రోగి అనుమతి లేకుండా జబ్బు పేరు చెప్పి ప్రార్థన విన్నపాలు చదవవద్దు. ముఖ్యంగా హెచ్.ఐ.వి. సంగతి అనుమతి లేకుండా బయటపెట్టడాన్ని 2017లో వచ్చిన చట్టం నిషేధించింది. "ఒక సహోదరి ఆరోగ్యం కోసం" అంటే చాలు. ఎవరి కోసమో దేవునికి తెలుసు.

"ఏ పాపం చేశావో ఆలోచించుకో" అనవద్దు. మీకు జలుబు, దగ్గు, జ్వరం ఉంటే చూడటానికి రావద్దు, ఫోనులో మాట్లాడండి. వచ్చినవారు చేతులు శుభ్రం చేసుకోండి. చక్కెర వ్యాధి ఉన్నవారికి మిఠాయిలు తేవద్దు. మీ ఇంట్లో మిగిలిన మాత్రలు ఇవ్వవద్దు. కుష్ఠు, క్షయ వచ్చినవారిని చూసి ముఖం తిప్పుకోవద్దు. ఈ రెంటికీ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా మందులున్నాయి, నయమవుతాయి. సరైన మందులు క్రమంగా వాడుతుంటే ఇతరులకు అంటించే గుణం త్వరగా తగ్గిపోతుంది.

రోగికి ఒక మాట

ఈ ఉదయం వార్డు నుంచి వచ్చి కూర్చున్న ప్రియులారా, మీకు కూడా ఒక మాట. కపెర్నహూములో ఆ నలుగురు ఎంత మంచివారో, తనను మోయనిచ్చిన ఆ మనిషిది కూడా అంత తగ్గింపు. ఊరందరి ముందు, కప్పులోంచి, పరుపు మీద దిగడం సులభమైన పని కాదు. యాకోబు పత్రిక 5వ అధ్యాయంలో రోగియైనవాడు సంఘపు పెద్దలను పిలిపించాలని ఉంది. పిలవడం మీ వంతు. "వారే తెలుసుకొని రావాలి" అని అలిగి కూర్చోవద్దు. ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదని మౌనంగా ఉండవద్దు. అందరికీ చెప్పనక్కరలేదు. నోరు జాగ్రత్త గల ఒక్కరిని ఎంచుకొని చెప్పండి. ఆ ఒక్కరే మిగతా ముగ్గురినీ వెతుకుతారు.

కొన్నిసార్లు మనం కోరిన స్వస్థత రాదు. కేన్సరు ముదిరిపోయిందని డాక్టరు గారు చెబుతారు. మూత్రపిండాలు ఇక పనిచేయవంటారు. అప్పుడు చాలామంది, ఏం మాట్లాడాలో తెలియక, రావడం తగ్గిస్తారు. రోగికి ఎక్కువగా మనుషులు కావలసిన సమయం అదే. నొప్పి తగ్గించే వైద్యం చివరిదాకా ఉంటుంది. పెదవులు తడపవచ్చు, కాళ్ళు ఒత్తవచ్చు, ఇష్టమైన కీర్తన వినిపించవచ్చు, పిల్లల చదువు సంగతి మేము చూస్తాం అని మాట ఇచ్చి నిలబెట్టుకోవచ్చు. బాగు చేయలేకపోయినా విడిచిపెట్టని వారిని చూసి ఆ మనిషి, దేవుడు కూడా తనను విడిచిపెట్టలేదని నమ్మగలుగుతాడు.

ఈ వారమే మొదలు పెడదాం

ప్రియమైన సంఘ పెద్దలారా, స్త్రీల సమాజపు తల్లులారా, యవ్వనస్థులారా, ఇంటికి వెళ్ళాక ఒక పని చేయండి. మీ సంఘపు పేర్ల పుస్తకం తీసి గత రెండు నెలలుగా ఆరాధనకు రానివారి పేర్లు వ్రాయండి. ఎందుకు రాలేదని అడగడానికి వెళ్ళవద్దు. ఎలా ఉన్నారని అడగడానికి వెళ్ళండి. ఆ గడప లోపల ఒక మంచం కనిపిస్తే, దానికి నలుగురు మనుషులను చూడండి. ఒకరు తక్కువైతే మీరే ఆ ఒకరు కండి.

ఎవరైనా పోయినప్పుడు మన సంఘాల్లో పెట్టె మోయడానికి మనుషులు తక్కువ పడరు. అందుకు దేవునికి స్తోత్రం. ఆ భుజాలే మనిషి బతికుండగా, ఇంకా మందు పనిచేసే రోజుల్లో, అతని మంచం కిందికి రావాలి. అట్టి ప్రేమను, ఓపికను, మంచి ఆరోగ్యాన్ని దేవుడు మనకందరికీ అనుగ్రహించును గాక. ఆమేన్.